మిర్చి ఘాటు కాదది

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు 39 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. ఏడేళ్లుగా హెచ్ఐవీ ఉంది. ఎంజీఎం దవాఖానలో ఏఆర్‌టీ మందులు (హెచ్ఐవీని అదుపులో ఉంచేవి) తీసుకుంటున్నా, ఒక్కరోజు కూడా తప్పలేదు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కనిపించడం లేదన్నారు. నా భార్యకు హెచ్ఐవీ లేదు. మిర్చి సీజన్ మొదలైనప్పటి నుంచి నా కుడి కన్ను ఎర్రబడి మసకగా ఉంది. మిర్చి దుమ్మే అనుకుని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర చుక్కల మందు తెచ్చుకున్నా. వారం రోజులు తగ్గింది, మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు కాంటా మీద అంకెలు అలికినట్టు కనిపిస్తున్నాయి. కంటి దవాఖానలో వీడీఆర్‌ఎల్ అనే రక్త పరీక్ష రాశారు. బయట ల్యాబ్‌లో 'లేదు' అని వచ్చింది. దవాఖాన వాళ్లు మళ్లీ చేస్తే 1:128 అని వచ్చింది. సవాయి రోగం (సిఫిలిస్ అనే సుఖవ్యాధి) కంట్లోకి వచ్చింది, 14 రోజులు అడ్మిట్ కావాలి, నాలుగు గంటలకోసారి పెన్సిలిన్ ఇవ్వాలి అంటున్నారు. నాకు కింద పుండు గిండు ఏమీ లేదు. రెండు నెలల కింద అరచేతుల్లో మచ్చలు వచ్చి పోయాయి, అవీ మిర్చి వల్లే అనుకున్నా. దసరా అప్పుడు ఒక తప్పు జరిగింది, ఇంట్లో తెలియదు. ఒక్క సూదితో పోదా? ఉగాది దాకా ఆగి చేరితే కాదా? హెచ్ఐవీ మందులు పనిచేయడం మానేశాయా? చూపు వస్తుందా? ఇంట్లో ఏమని చెప్పాలి?
– పేరు వద్దు, వరంగల్

జవాబు: ఉగాది దాకా ఆగకండి. ఇది చదివే రోజుకు మీరు ఇంకా చేరకపోయి ఉంటే రేపు పొద్దున్నే వెళ్లి చేరండి. మిగతా ప్రశ్నలకు నిదానంగా జవాబు చెప్తాను గానీ దీనికి మాత్రం నిదానం లేదు.

మిర్చిని అనుమానించడంలో మీ తప్పేం లేదు. సీజన్‌లో ఆ యార్డు గేటు దాటగానే నాకే తుమ్ములు మొదలవుతాయి. కానీ ఘాటు తగిలితే రెండు కళ్లూ మండుతాయి, నీళ్లు ధారగా కారతాయి, చల్లటి నీళ్లతో కడుక్కుంటే కాసేపటికి సర్దుకుంటుంది. మీకు ఒక్క కన్నే, అదీ వారాల తరబడి. మంట కన్నా మసక ఎక్కువ. అంటే గొడవ కంటి పైన లేదు, లోపల ఉంది. అరచేతుల మచ్చలదీ అదే కథ. మిర్చి పట్టిన చేయి మండుతుంది, రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. సిఫిలిస్ మచ్చలు మండవు, సాధారణంగా దురద కూడా పెట్టవు. రాగి రంగులోనో, ఎర్రగానో అరచేతుల్లో, అరికాళ్లలో వచ్చి కొన్ని వారాలకు మందేమీ లేకుండానే పోతాయి. మీరప్పుడు అరికాళ్లు చూసుకున్నారో లేదో తెలియదు. ఎవరు చూసుకుంటారు లెండి.

'కింద పుండు లేదు' అని రాశారు. ఈ మాట నేను వారానికోసారైనా వింటాను. సవాయి పుండు నొప్పి పుట్టదు. తగిలిన మూడు వారాలకు అటూ ఇటుగా వస్తుంది, కొందరికి మూడు నెలలు కూడా పట్టొచ్చు. వచ్చి, దానంతటదే మానిపోతుంది. నోట్లోనో, గొంతులోనో, మలద్వారం లోపలో వస్తే అద్దం పట్టి చూసినా కనబడదు. దసరా అప్పటి సంగతి ఆడవాళ్లతోనా మగవాళ్లతోనా అన్నది నాకు చెప్పనవసరం లేదు. ట్రీట్‌మెంట్ చేసే డాక్టర్‌కు మాత్రం దాచకుండా చెప్పండి. ఎక్కడెక్కడ పరీక్ష చేయాలో, ఇంకే ఇన్ఫెక్షన్లు వెతకాలో దాన్ని బట్టే తేలుతుంది. పుండు మానినంత మాత్రాన రోగం పోయినట్టు కాదు. అప్పటికే ఆ క్రిమి రక్తంలో కలిసి ఉంటుంది. కంటికి రావడానికి ఏళ్లు పట్టాలన్న నియమం లేదు, మొదటి నెలల్లోనే రావచ్చు. దసరా, తర్వాత మచ్చలు, ఇప్పుడు కన్ను. మీ లెక్క సరిగ్గా కుదురుతోంది.

దవాఖానలో మీ గడ్డం ఒక పీట మీద పెట్టించి, సన్నటి వెలుతురు గీత కంట్లోకి వేసి చూసి ఉంటారు. దాన్ని స్లిట్ ల్యాంప్ అంటాం. పాత పెంకుటింట్లో పగిలిన గూన సందులోంచి ఎండ పడితే ఆ గీతలో దుమ్ము తేలుతూ కనిపిస్తుంది చూడండి, వాచిన కన్ను లోపల మాకు అచ్చం అలాగే కనిపిస్తుంది. నీళ్లలా తేటగా ఉండాల్సిన చోట తెల్ల కణాలు తేలుతుంటాయి. మీకు కాంటా అంకెలు అలికినట్టు కనిపించడానికి అదొక కారణం కావచ్చు. ఈ వాపును యూవియైటిస్ అంటారు. వెనక రెటీనా అనే తెరకో, చూపును మెదడుకు మోసే ఆప్టిక్ నరానికో కూడా పాకిందా అన్నది కంటిపాప పెద్దది చేసి చూస్తేనే తెలుస్తుంది. ఆ చుక్కలు వేసుకున్న రోజు బండి నడపకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

ఇప్పుడు ఆర్‌ఎంపీ ఇచ్చిన చుక్కల సంగతి. వారం తగ్గి మళ్లీ వచ్చిందంటే అందులో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. సీసా పారేయకుండా దవాఖానకు తీసుకెళ్లి చూపించండి. స్టెరాయిడ్ వాపును అణుస్తుంది, క్రిమిని ముట్టుకోదు. పైన ఎరుపు తగ్గుతూ ఉంటుంది, లోపల దాని పని అది చేసుకుపోతుంది. పెన్సిలిన్ నడుస్తుండగా మీ కంటి డాక్టరే స్టెరాయిడ్ చుక్కలు ఇవ్వొచ్చు, అది వేరే విషయం, వాడండి.

ఆర్‌ఎంపీని తిట్టే హక్కు నాకు లేదు. చదువు కొత్తగా ముగించుకున్న రోజుల్లో ఇదే పని నేనూ చేశాను. ఒక కుర్రాడు, పాతికేళ్లు కూడా ఉండవు, ఇలాగే మసకతో వచ్చాడు. రెండు నెలలు స్టెరాయిడ్ చుక్కలు, తర్వాత మాత్రలు. తగ్గుతుంది, ఆపగానే తిరగబెడుతుంది. హెచ్ఐవీ ఉన్న సంగతి అతను చెప్పలేదు. ఓపీలో పది మంది వింటుండగా ఎవరు చెప్తారు? నేనూ అడగలేదు. ఆఖరికి పెద్ద డాక్టర్ ఒకాయన కేసు కాగితం తిప్పి 'వీడీఆర్‌ఎల్ ఎక్కడమ్మా?' అని అడిగారు. పెన్సిలిన్ ఇచ్చాక ఒక కన్ను బాగానే వచ్చింది. రెండో కంటికి ఎదురుగా చేయి పెడితే వేళ్లు లెక్కపెట్టగలిగేంత చూపే మిగిలింది. అప్పటి నుంచి నా దగ్గరకు యూవియైటిస్ అని ఎవరు వచ్చినా, బడిపంతులైనా పూజారైనా, సిఫిలిస్‌కూ హెచ్ఐవీకీ రక్త పరీక్ష రాయకుండా పంపను. కొందరు కోప్పడతారు. పడనీయండి.

మీ మొదటి ల్యాబ్‌లో 'లేదు' అని వచ్చిందే, అది ఎందుకో చెప్తాను. ఇలాంటి రిపోర్టు చేతిలో పట్టుకుని ఇంటికెళ్లిపోయేవాళ్లున్నారు. వీడీఆర్‌ఎల్‌లో మీ సీరం (రక్తంలోని తేట నీరు) చుక్కలో ఉన్న యాంటీబాడీలు, అంటే రోగం వచ్చాక ఒంట్లో తయారయ్యే కణాలను పట్టుకునే పదార్థాలు, పరీక్ష మందులోని కణాలను ఒకదానికొకటి అంటించి గడ్డలు కట్టిస్తాయి. గడ్డలు కడితే పాజిటివ్. యాంటీబాడీలు మరీ ఎక్కువైపోతే ప్రతి కణం చుట్టూ అవే కమ్ముకుంటాయి, ఒక కణం ఇంకో కణాన్ని పట్టుకునే చోటు ఉండదు. మేడారంలో గద్దెల దగ్గర తోపులాటలాంటిది. జనమంతా అక్కడే ఉంటారు, ఒకరి చేయి ఒకరికి అందదు. గడ్డలు కట్టవు, టెక్నీషియన్ 'నెగెటివ్' అని రాస్తాడు. దీన్ని ప్రోజోన్ అంటారు. సీరంను సెలైన్‌తో పలచన చేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి. మీ దవాఖాన వాళ్లు పలచన చేసి చూశారు, వాళ్లకు దండం పెట్టాలి. 1:128 అంటే అన్ని వంతులు పలచన చేసినా గడ్డలు కడుతూనే ఉన్నాయని. టీపీహెచ్ఏ అనే ఇంకో పరీక్ష కూడా చేసి ఖాయం చేసుకుంటారు. అది ఒకసారి పాజిటివ్ వస్తే చాలామందిలో జీవితాంతం అలాగే ఉంటుంది. కాబట్టి రోగం తగ్గిందా లేదా అన్నది దానితో చూడరు, వీడీఆర్‌ఎల్ అంకెతోనే చూస్తారు. ఆ అంకె 128 నుంచి 32కో, అంతకన్నా కిందికో దిగాలి. ఒకే ల్యాబ్‌లో, ఒకే రకం పరీక్షతో చేయించుకోండి. ఇవాళ ఒకచోట, మూణ్నెల్లకు ఇంకోచోట చేయిస్తే పోల్చి చూడటం కష్టం.

ఒక్క సూది ఎందుకు చాలదు? మీరు విన్న ఆ ఒక్క సూది బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, పిరుదుల్లో వేస్తారు. మొదటి దశలో ఉన్న సిఫిలిస్‌కు అది చాలా మంచి మందు. కండలో ఉండి కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. ఆ కొంచెం మెదడు నీటిలోకి, కంట్లోకి సరిపడా చేరదు. కన్ను మెదడుకు తోక లాంటిది, రెటీనా, ఆప్టిక్ నరం మెదడు నుంచి పుట్టినవే. అందుకే కంటి సిఫిలిస్‌కు మెదడు సిఫిలిస్ ట్రీట్‌మెంటే ఇస్తారు. క్రిస్టలైన్ పెన్సిలిన్ నరంలోకి, రోజుకు కోటీ 80 లక్షల నుంచి 2 కోట్ల 40 లక్షల యూనిట్ల దాకా, 10 నుంచి 14 రోజులు.

నాలుగు గంటలకోసారి ఎందుకన్నది కూడా వినండి. అర్ధరాత్రి రెండింటికి సిస్టర్ వచ్చి లేపినప్పుడు విసుక్కోకుండా ఉంటారు. ఈ క్రిమి చాలా బద్ధకస్తురాలు. ఒకటి రెండు కావడానికి ఒక రోజు పైనే, సుమారు 30 గంటలు పడుతుంది. పెన్సిలిన్ దాన్ని చంపేది అది కొత్త గోడ కట్టుకునే వేళలోనే. పెన్సిలిన్‌దేమో పరుగు, అరగంటకల్లా రక్తంలో సగానికి పడిపోతుంది, మూత్రంలో పోతుంది. ఆ బద్ధకం క్రిమి ఎప్పుడు కదిలినా మందు ఎదురుగా ఉండాలంటే రాత్రీ పగలూ నింపుతూనే ఉండాలి. పెన్సిలిన్ సిఫిలిస్‌కు వాడటం మొదలై 80 ఏళ్లు దాటింది, ఇప్పటికీ ఈ క్రిమి దానికి లొంగుతూనే ఉంది. అజిత్రోమైసిన్‌కు చాలాచోట్ల లొంగడం మానేసింది. కాబట్టి మెడికల్ షాపులో ఎవరైనా 'ఆ మాత్రలు వాడు అన్నా, పోతది' అంటే వినకండి.

పెన్సిలిన్ పడని చరిత్ర ఉంటే ముందే చెప్పండి. మంచం దొరకకపోయినా, ఎంత చెప్పినా 14 రోజులు ఉండటం కుదరకపోయినా, రోజుకోసారి సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ 10 నుంచి 14 రోజులు ఇవ్వడం అనే దారి ఉంది. అది రెండో వరస మందు, ఒప్పుకోవాల్సింది డాక్టర్. నేనైతే మీ స్థానంలో మంచమే పట్టుకుంటాను. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేస్తామంటే భయపడకండి. నడుము పడిపోతుందన్నది ఊరి మాట. కంటి బాధ తప్ప ఇంకేమీ లేనివాళ్లకు అది లేకుండానే మందు మొదలుపెట్టొచ్చు. తలనొప్పి, చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం, మూతి వంకర పోవడం లాంటివి ఏవైనా ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి. సిఫిలిస్ చెవినీ పట్టుకుంటుంది.

మొదటి రోజు రాత్రి చలి జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి రావచ్చు. అది మందు పడకపోవడం కాదు, క్రిములు ఒక్కసారిగా చచ్చి కరగడం వల్ల వచ్చేది. ఒక రోజులో పోతుంది, పారాసెటమాల్ చాలు. ఊపిరి ఆడకపోయినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా అది వేరు, వెంటనే పిలవండి. ఆ రాత్రి కన్ను ఇంకా మసకబారినా చెప్పండి, దానికి చేయాల్సింది ఉంటుంది. జ్వరానికి జడిసి రెండో రోజే చెప్పకుండా ఇంటికి పోయినవాళ్లున్నారు.

మీ హెచ్ఐవీ మందులు పనిచేస్తూనే ఉన్నాయి. ఏడేళ్లు ఒక్కరోజు తప్పకుండా వేసుకున్నానని రాశారు, అది చదివి నాకు నిజంగా సంతోషమేసింది. కానీ ఆ మాత్ర ఆపేది ఒక్క హెచ్ఐవీనే. సిఫిలిస్ దాని లెక్కలోకి రాదు. సిఫిలిస్ వచ్చినప్పుడు వైరల్ లోడ్ కాస్త లేవడం, సీడీ4 (ఒంటిని కాపాడే కణాల లెక్క) కాస్త తగ్గడం జరుగుతుంటుంది, ఏఆర్‌టీ డాక్టర్ మళ్లీ పరీక్ష చేయమంటే కంగారుపడకండి. మందులు సరిగా వాడుతున్నవాళ్లకు కూడా ఇది వస్తుంది. అమెరికాలో 2014 డిసెంబర్ నుంచి 2015 మార్చి మధ్య సియాటెల్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల్లో కంటి సిఫిలిస్ కేసులు 12 బయటపడ్డాయి. ఎక్కువమంది హెచ్ఐవీ ఉన్నవాళ్లే, కొందరికి చూపు పోయింది. ఆ తర్వాతే అక్కడి డాక్టర్లకు మళ్లీ జాగ్రత్తలు చెప్పాల్సి వచ్చింది. సీడీ4 బాగా పడిపోయినవాళ్లలో, ముఖ్యంగా 50 లోపు ఉంటే, సీఎంవీ అనే వైరస్ రెటీనాను తింటుంది. టీబీ కూడా కంట్లోకి వస్తుంది. అందుకే కంటి డాక్టర్‌కు హెచ్ఐవీ సంగతి, తాజా సీడీ4 అంకె రెండూ తెలియాలి. కంటి డాక్టర్ ఒకచోట, ఏఆర్‌టీ డాక్టర్ ఇంకోచోట. ఈ ఇద్దరి మధ్య కాగితాలు మోసే మనిషి మీరే. మీరు మోయకపోతే ఎవరూ మోయరు.

ఇంక ఇంటి సంగతి. ఇదే మీకు కంటి కన్నా పెద్ద టెన్షన్ అని తెలుస్తూనే ఉంది. వైరల్ లోడ్ కనిపించకపోతే భార్యకు హెచ్ఐవీ అంటదని కౌన్సెలర్ చెప్పి ఉంటారు, అది నిజం. ఆ భరోసాతో చాలామంది నిరోధ్ మానేస్తారు. కానీ సిఫిలిస్‌కు ఆ అడ్డు లేదు. దసరా తర్వాత మీ ఇద్దరూ కలిసి ఉంటే ఆమెకు అంటి ఉండవచ్చు. పుండు లేకుండా, మచ్చ లేకుండా కూడా ఉండవచ్చు. ఆమెకు వీడీఆర్‌ఎల్, హెచ్ఐవీ పరీక్షలు రెండూ చేయాలి. గత మూడు నెలల్లో కలిసి ఉంటే పరీక్షలో 'లేదు' అని వచ్చినా ఆమెకు ఆ 24 లక్షల యూనిట్ల సూది వేస్తారు, ఎందుకంటే పరీక్షకు చిక్కే దాకా టైం పడుతుంది. ఆమె కంటికీ నరాలకూ ఏమీ లేకపోతే ఒక్క సూది చాలు. నెల తప్పి ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం వద్దు. కడుపులో బిడ్డకు పోతుంది, బిడ్డ చనిపోయి పుట్టొచ్చు కూడా. పిల్లలకు ఒకే కంచంలో తినడం వల్లో, ఒకే తువ్వాలు వాడటం వల్లో ఇది అంటదు, ఆ బెంగ పెట్టుకోకండి.

ఆమెకు ఏ మాటలతో చెప్పాలో నేను రాసివ్వలేను. కానీ చెప్పకుండా సూది వేయించే ఉపాయం అడగొద్దు, అలాంటిది నా దగ్గర లేదు. ఏడేళ్ల కింద హెచ్ఐవీ సంగతి విని కూడా మీతో ఉన్న మనిషి ఆమె. ఒంటరిగా చెప్పడం మీవల్ల కాకపోతే ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్ దగ్గర ఇద్దరూ కూర్చోండి. సుఖవ్యాధులు చూసే సర్కారు సురక్ష క్లినిక్‌లో పరీక్ష, మందు రెండూ ఉచితం. మాట్లాడే ధైర్యం రాకపోతే ముందు 1097కు ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ, మీ పేరు చెప్పనవసరం లేదు. దసరా నాటి ఆ మనిషికి కూడా కబురు అందాలి. మీ కోసం కాదు, వాళ్ల కన్ను కోసం.

అడ్తి సేటుకు మాత్రం ఇదంతా అక్కర్లేదు. 'కంటి లోపల ఇన్ఫెక్షన్, 14 రోజులు నరానికి మందు ఎక్కించాలి' అంటే చాలు, అందులో ఒక్క అబద్ధం లేదు. సెలవు చీటీ కావాలంటే యూవియైటిస్ అని మాత్రమే రాయమని అడగండి. 2017 హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మీకు ట్రీట్‌మెంట్ చేసేవాళ్ల మధ్య అవసరానికి, చట్టం చెప్పిన మరికొన్ని సందర్భాల్లో తప్ప, మీ ఒప్పుకోలు లేకుండా మీ హెచ్ఐవీ సంగతి దవాఖాన వాళ్లు ఇంకొకరికి చెప్పకూడదు. హెచ్ఐవీ ఉందని మంచం ఇవ్వకపోవడమూ నేరుగా ఆ చట్టానికి విరుద్ధం. మంచం తలాపున పెద్ద అక్షరాలతో ఏదైనా రాసి వేలాడదీస్తే తీసేయమని అడగండి. అడగడానికి మొహమాటం అనిపిస్తే ఏఆర్‌టీ కౌన్సెలర్‌తో అడిగించండి.

చూపు వస్తుందా? వాపు వల్ల వచ్చిన మసక చాలావరకు వెనక్కి పోతుంది, తొందరగా మందు పడినవాళ్లకు బాగా పోతుంది. ఆప్టిక్ నరం, రెటీనా అప్పటికే దెబ్బతిని ఉంటే ఆ భాగం తిరిగి రాదు. మీది ఎంతవరకో కంటి వెనక చూసిన డాక్టరే చెప్పగలరు. మొదటి వారంలో తేడా తెలియకపోయినా దిగులుపడకండి, కంటి లోపలి మసక తేటపడటానికి వారాలు పడుతుంది. రోజూ పొద్దున ఒక కన్ను మూసి, వార్డులో గోడ క్యాలెండర్ మీద తిథులు చదవండి, తర్వాత రెండో కన్ను మూసి చదవండి. ఎడమ కన్ను మసకబారినా అదే రోజు చెప్పొచ్చు. డిశ్చార్జ్ అయ్యాక కొందరు డాక్టర్లు వారానికొకటి చొప్పున బెంజథీన్ సూదులు కూడా రాస్తారు, అవి ఎగ్గొట్టకండి. తర్వాత మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు నెలలకు, మళ్లీ రెండేళ్లకు వీడీఆర్‌ఎల్. ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదని లేదు. మళ్లీ అంటితే మళ్లీ వస్తుంది.

దవాఖానకు బయల్దేరేటప్పుడు ఏఆర్‌టీ మాత్రలు 14 రోజులకు లెక్కపెట్టి సంచిలో వేసుకోండి, ఇంకో నాలుగు ఎక్కువే పెట్టుకోండి. మీ మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉండే ఉంటుంది. వార్డులో క్యాల్షియం మాత్రో, ఐరనో, గ్యాస్‌కు తెల్లటి సిరప్పో ఇస్తే దానితో కలిపి వేసుకోవద్దు. మీ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత అవి తీసుకోండి, లేదా అవి తీసుకుని ఆరు గంటలు ఆగి మీ మాత్ర వేసుకోండి. ఈ మాట కంటి వార్డు సిస్టర్‌కు తెలిసి ఉండకపోవచ్చు, మీరే చెప్పండి.